అత్త పసుపు రాసుకున్న చివరి ఆదివారం

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఏది కనిపించకుండా పోయినా "రంగం ఎల్లిపోనాది" అనేవారు. మందలోంచి మేక తప్పిపోతే రంగం వెళ్ళిపోయినట్టే. చూరులో దోపిన కొడవలి మర్నాటికి లేకపోతే అదీ రంగం వెళ్ళిపోయినట్టే. రంగం అంటే రంగూన్ అనీ, అది బర్మా దేశంలో ఉందనీ బడిలో చెప్పేదాకా నాకు తెలియదు. పోయిన వస్తువులన్నీ చేరే పెద్ద కొట్టుగది ఏదో ఎక్కడో ఉందనుకునేదాన్ని. మా ఇంట్లో మాత్రం ఆ మాట సరదాకైనా ఎవరూ అనేవారు కాదు. మా మేనత్త మొగుడు నిజంగానే రంగం వెళ్ళాడు, తిరిగి రాలేదు.

మాది కోటబొమ్మాళి దగ్గర ఒక పల్లె. వరి పండే పల్లం కొంత, గోగూ చోడీ వేసే మెట్ట కొంత ఉండేవి. అత్త మా ఇంట్లోనే ఉండేది. ఆవిడ ఈడేరి కాపరానికి వెళ్ళిన ఏడాదే, ఒక్క వానాకాలం గడిచి వరి కోతలు మొదలవక ముందే, మావయ్య ఊరివాళ్ళతో కలిసి ఓడెక్కేశాడు. రెండేళ్ళు కష్టపడితే ఎకరం కొనొచ్చని అప్పట్లో అందరూ అలాగే వెళ్ళేవారు. ఆ తరవాత యుద్ధం వచ్చి రంగం మీద బాంబులు పడ్డాయి. బతికినవాళ్ళు కొండలూ అడవులూ పట్టుకుని నడిచి వచ్చారు. మావయ్య రాలేదు. రాని మొగుడి ఇంట్లో ఆడదానికి చాకిరీ ఎక్కువ, తిండి తక్కువ. మా తాతయ్య బండి కట్టుకెళ్ళి కూతుర్ని తెచ్చేసుకున్నాడు.

నాకు ఊహ తెలిసేసరికి అత్తకి నలభై దగ్గర పడుతున్నాయి. పొడుగ్గా, బిగువుగా, నార తీసిన గోగుపుల్లలా ఉండేది. ఊళ్ళో నోటి దురుసు మనిషని పేరు. తల వంచుకుని నడిచే అలవాటు ఒక్కటే తప్ప ఆవిడలో వంగే గుణం ఇంకేదీ లేదు. నన్ను "గుంటా" అని పిలిచేది. మా అమ్మ కొట్టబోతే అడ్డొచ్చేది, తరవాత తనే రెండు వేసేది. ముత్తైదువే అయినా ఏ పేరంటంలోనూ ఆవిడకి మొదటి తాంబూలం ఇచ్చేవారు కాదు. చివర్న ఎవరో గుర్తొచ్చినట్టు ఇచ్చేవారు. ఊరంతటికీ ఆవిడ మొగుడు ఉన్నాడో లేడో తేలని మనిషి.

తాతయ్య బతికున్నన్నాళ్ళూ ఎవరైనా మావయ్యకి కర్మ చేయించే సంగతి ఎత్తితే తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచిపోయేవాడు. ఆయన పోయాక ఆ అడ్డు కూడా లేకపోయింది. అరవైల చివర్లో బర్మా నుంచి మనవాళ్ళు ఓడల మీద విశాఖపట్నం వచ్చి దిగుతుండేవారు. అలా వచ్చినవాళ్ళలో మావయ్య ఊరి ముసలాయన ఒకడు సంతలో మా నాన్నని పట్టుకుని చెప్పాడు. యుద్ధంలో తామిద్దరూ కలిసే నడిచారట. కొండదారిలో మావయ్యకి జ్వరం తగిలి పోయాడట. మట్టీ ఆకులూ కప్పేసి, తాను ముందుకు నడిచే ధైర్యం చాలక వెనక్కి మళ్ళి రంగంలోనే ఉండిపోయాడట. నాన్న ఆయన్ని ఇంటికి తీసుకొచ్చి వీధరుగు మీద కూర్చోబెట్టాడు. ముసలాయన ఆనవాళ్ళు చెప్పాడు. కోల మొహమనీ, గుబురు కనుబొమ్మలనీ, గెడ్డం కింద నొక్కు ఉండేదనీ. మావయ్య వెళ్ళేనాటికి అత్త తమ్ముడైన నాన్న చిన్నపిల్లాడు, అందుకని గుమ్మం లోపల నిలబడ్డ అత్తనే అడిగాడు, "ఏటప్పా, సరిపోనాయా?" అని. అత్త తల వంచుకుని నిలబడింది. అవుననలేదు, కాదనలేదు. దుఃఖంలో నోరు పెగల్లేదని అందరూ అర్థం చెప్పుకున్నారు. కర్మ చేయించాలని పెద్దలు తేల్చేశారు.

అత్త ఒక్కటే కోరిందట. కార్తీకమాసం నడుస్తోంది, నెల దీపాలు పెట్టడం మొదలెట్టాను, పూర్తి చెయ్యనివ్వండి అంది. ఆ ఏడు కార్తీక అమావాస్య శనివారం పడింది. మర్నాడు ఆదివారం పోలిపాడ్యమి, దీపాలు నీళ్ళలో వదిలే రోజు. సోమవారం కర్మ. అంటే మా అత్త మొగుడున్న మనిషిగా బతకడానికి మిగిలినవి ఒక శనివారం, ఒక ఆదివారం. ఇదంతా ఆ శనివారం నాటికి నాకు తెలియదు. అమ్మ చాలాకాలం తరవాత పూర్తిగా చెప్పింది. నాకు తెలిసిందల్లా శనివారం బడి ఎగ్గొట్టి సముద్రస్నానానికి వెళ్తున్నామని. అంతకంటే లోకంలో ఏం కావాలి?

తెల్లవారుజామున నాన్న బండి కట్టాడు. అత్తా, నేనూ, చద్దిమూటా ఎక్కాం. మంచు సన్నగా పడుతోంది. అత్త తన కోక కొంగు నా తల మీద కప్పింది. పొలాల్లో వరి పసుపు తిరిగి వాలి ఉంది. ఊరు దాటేదాకా, నార కోసం గోగు నానేసిన గుంటల కంపు వెంట వచ్చింది. ఆ కంపు మాకు అలవాటే. కార్తీకంలో అది లేకపోతేనే ఏదో లోటుగా ఉంటుంది. నౌపడ దాటాక తెల్లారింది. దూరంగా తాటాకు కప్పిన పొట్టి గుడిసెలు వరసగా కనబడ్డాయి. వాటికి గుమ్మాల్లేవు. అందులో మనుషులెలా దూరతారని నేను అడిగితే నాన్న నవ్వాడు. అవి ఇళ్ళు కాదట, వాన తగలకుండా కప్పిన ఉప్పు కుప్పలట. ఇల్లంత ఉప్పు! మా మామ్మ చిటికెడు ఎక్కువేస్తే కోడళ్ళని సాధించేది. అత్త ఆ కుప్పల వైపు చూసి, "మీ మామ్మని తెచ్చి ఇక్కడ దింపేద్దునే గుంటా, లెక్కెట్టుకుంటూ ఉంటాది" అంది. నేను పడీపడీ నవ్వాను. నాన్న నవ్వలేదు. ఎద్దుల్ని ఊరికే అదిలించాడు.

భావనపాడు చేరేసరికి ఎండ ఎక్కింది. అత్త అంత దగ్గర్లో పుట్టి పెరిగి కూడా ఏనాడూ సముద్రం చూడలేదు. మొగుణ్ణి తీసుకుపోయిన నీళ్ళని మామ్మ చూడనిచ్చేది కాదు. ఇసక దిబ్బ ఎక్కగానే సముద్రం ఒక్కసారి ఎదట పడింది. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. అత్త కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకి చూసింది. చాలాసేపు చూసి, "ఇంతేనేటి?" అంది.

ఆ మాట నాకు కోపం తెప్పించింది. ఇంతకంటే పెద్దది ఏముంటుందని దెబ్బలాటకి దిగాను. "నీల్లేకదే. నాను ఇంకేటో అనుకున్నాను" అంది అత్త. ఇంకేమనుకుందో చెప్పలేదు.

ఆ పొద్దు నా జీవితంలో మంచి పొద్దుల్లో ఒకటి, ఇప్పటికీ ఆ మాట అంటాను. స్నానం చేశాం. కెరటం వెనక్కి పోతున్నప్పుడు కాళ్ళ కింద ఇసక జారిపోతుంటే ఇద్దరం అరిచాం. అత్త అలా అరవడం నేనదే మొదట వినడం. ఎర్రటి పీతలు గుంపుగా పరిగెత్తి ఒక్క క్షణంలో ఇసకలోకి మాయమయ్యేవి. అత్త వంగి ఆ కన్నాల్లోకి తొంగిచూసి, "ఒలే, బయటికి రండే" అని వాటితో మాట్లాడింది. తడి ఇసక మీద జాలర్ల పాదాల గుర్తులు ఉన్నాయి. ఆ గుర్తుల్లో మా పాదాలు పెట్టుకుంటూ నడిచాం. ఆ అడుగులు నాకు అందక గెంతాల్సి వచ్చేది. అత్త మాత్రం ఒక్కో గుర్తు దగ్గరా ఆగి, చూసి, అప్పుడు కాలు పెట్టేది.

ఒడ్డున నురగలో ఒక గింజ దొరికింది. అరచేతి నిండా ఉంది, గోధుమరంగు, నున్నటి నునుపు. అంత పెద్ద గింజ మా వైపు ఏ చెట్టుకీ కాయదు. రంగం నుంచి కొట్టుకొచ్చిందేమో అన్నాను. ఆ మాట నోట్లోంచి జారాక నాలిక కరుచుకున్నాను, ఇంట్లో అనకూడని మాట కదా. అత్త కోప్పడలేదు. గింజని చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది, వాసన చూసింది. "వస్తే గింజలే వస్తాయి గావాల. మనుసులు రారు" అని నా చేతిలో పెట్టేసింది. దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. ఏ పిల్లాడు పట్టుకుపోయాడో, వారం తిరక్కుండా పోయింది.

వచ్చేటప్పుడు ఒక జాలరి ఆవిడ దగ్గర అత్త ఎండు నెత్తళ్ళు కొంది. కార్తీకమంతా మా ఇంట్లో నీచు లేదు. పాడ్యమితో ఆ నియమం తీరుతుంది. ఇంకాసిని వెయ్యమని అత్త గీసి గీసి బేరం చేసింది. నాన్న బండి దగ్గర అటు తిరిగి నిలబడి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఉప్పుగాలికి కళ్ళు మండాయన్నాడు. నేను నమ్మాను.

ఆదివారం ఇంకా వెలుతురు రాకముందే మా ఊరి ఆడవాళ్ళు చెరువుకి బయల్దేరారు. అరటి దొప్పల్లో వత్తులు వెలిగించి నీళ్ళ మీద వదిలారు. అత్త ఒళ్ళంతా పసుపు రాసుకుని వచ్చింది. చెంపల మీద, మెడ మీద, మోచేతుల దాకా, ఇంట్లో పసుపంతా అయిపోయేలా రాసుకుంది. ఎవరో మొహం పక్కకి తిప్పుకున్నారు. అత్త దీపం కాస్త దూరం వెళ్ళి, నానేసిన గోగుకట్టకి తగిలి ఆగిపోయింది. నేను నీళ్ళలో దిగి తోస్తానన్నాను. "ఉండనీ. ఎక్కడ ఆరిపోతే ఏటి?" అంది. నాకు నచ్చలేదు. అందరి దీపాలూ వెళ్ళిపోతుంటే మాది అక్కడే ఉండిపోవడం అవమానంగా అనిపించింది.

పొద్దెక్కాక వీధిలో గాజులాయన కేక వినబడింది. అత్త పిలిచింది. ఆయన అరుగు మీద గాజుల మలారం దించాడు కానీ, అత్త చెయ్యి చాచగానే తటపటాయించాడు. మా ఊళ్ళో మర్నాడు జరగబోయేది ఆయనకీ తెలుసు. "ఎందుకమ్మా..." అని నసిగాడు. అత్త చెయ్యి వెనక్కి తియ్యలేదు. నాకూ వేయించింది, చేతికి అరడజను ఎర్రగాజులు. ఆ సంబరంలో నేను వీధి ఆ చివరి దాకా పరిగెత్తి అందరికీ చూపించి వచ్చేసరికి ఇంట్లో రభస నడుస్తోంది.

మామ్మ గుమ్మంలో నిలబడి రెండు చేతులతో నెత్తి కొట్టుకుంటోంది. "రేపు పగలగొట్టీసీ గాజులు ఇయ్యాల ఎందుకే నీకు? ఊరు నవ్వదా? సిగ్గు నేదేటే?"

అత్త చేతులకి మోచేతుల దాకా పచ్చగాజులు. ఆవిడ గట్టిగా అరవలేదు. మామూలుగా, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగింది. "రేపు బద్దలైపోతాయని ఇయ్యాల బోడి సేతుల్తో ఉండమంటావేటే అమ్మా? ఇయ్యాల ఆదివారం. సోమారం రానీ."

 మామ్మ కిందకి జారి కూర్చుని ఏడ్చింది. వంటింట్లోంచి అమ్మ ఏడుపు కూడా వినబడింది. నాకు అప్పుడు తెలిసింది, రేపు ఏదో జరుగుతుందనీ, అది మా అత్తకనీ. ఎవర్ని అడిగినా చెప్పలేదు. చివరికి అత్తనే అడిగాను. దాచకుండా చెప్పింది. రేపటి నుంచి మీ మావ సచ్చిపోయినట్టు లెక్కే, నాను ముండమోసినట్టు లెక్కే అంది. ఆ మాటలు పిల్లలతో అనకూడదని ఆవిడకి తోచలేదు. తోచనందుకు ఇవాళ దణ్ణం పెడతాను. తక్కిన పెద్దవాళ్ళందరూ నాకు తువ్వాళ్ళూ వీపులే చూపించారు.

ఆ మధ్యాహ్నం వంకాయా నెత్తళ్ళూ వండుకుని అత్త మారు వడ్డించుకుని తింది. కర్మ తరవాత ఏడాది పాటు నీచు ముట్టకూడదు. మేమెవరం సరిగా తినలేదు. ఆవిడ ఒక్కో ముద్దా నెమ్మదిగా నమిలి, వేళ్ళు నాక్కుని, "మీరందరూ ఏటి, సావింట్లోలాగ కూకున్నారు?" అంది. 

భోజనాలయ్యాక పెరట్లో, తేగల కోసం పాతరేసిన తాటి టెంకలు తవ్వి రెండు తీసింది. కత్తితో నిలువునా చీల్చి, లోపలి బుర్రగుంజు నా చేతిలో పెట్టింది. తెల్లగా, మెత్తగా, కాస్త తియ్యగా ఉంటుంది. నేను తింటూ ఏడుస్తున్నాను. రేపు పొద్దున్న పాసింజరు బండిలో మావయ్య దిగిపోతేనో అని అడిగాను. ఓడలు వస్తూనే ఉన్నాయి కదా, ముసలాయనకి మతి లేదేమో, ఎవర్నో చూసి ఎవరో అనుకున్నాడేమో. నాకు అప్పటికే వకీలు బుద్ధులు.

"దిగితే మంచిదే" అంది అత్త. ఇంకో టెంక చీల్చింది. "దిగడే గుంటా. తిను."

ఆ రోజు ఆవిడ ఒక్కసారి కూడా ఏడవలేదని అమ్మ తరవాత తరవాత అనేది. రాయి లాంటి మనిషి అనేది. నేను ఒప్పుకోను. ఆ మధ్యాహ్నం గోడకి చేరబడి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ గాజుల మీద ఎండ పడుతుంటే చూసుకుంటూ కూర్చున్న మనిషిని నేను చూశాను. సంతోషమని అనను. దుఃఖమనీ అనను. చేతికి అందినదాన్ని పారబొయ్యకుండా తాగుతున్న మనిషిలా ఉంది.

సోమవారం పాసింజరు వచ్చినప్పుడూ పోయినప్పుడూ కూత వినబడింది. నేను వీధిలో నిలబడి చూశాను. ఎవరూ రాలేదు.

ఊరికి పడమటి పక్క గోగు గుంట గట్టున కర్మ. మావయ్య వైపు మిగిలిన ఒక్క తమ్ముడూ వచ్చాడు, అన్న ఓడెక్కేనాటికి ఉయ్యాల్లో ఉన్నవాడు, ఆయనే చెయ్యాలి. మా వైపు దూరదేశంలో పోయి శవం దొరకనివాళ్ళకి గడ్డితో మనిషి బొమ్మ కట్టి, మోదుగాకులు కప్పి దహనం చేస్తారు. గాజులూ బొట్టూ తీసెయ్యడం కూడా అదే రోజు, అదే గట్టున, ఆ వెంటనే. పిల్లలు రాకూడదు. నేను అమ్మ కోక పట్టుకుని వెళ్ళిపోయాను. అంత ఏడుపులో నన్ను వెనక్కి పంపడం ఎవరికీ పట్టలేదు.

కొత్త గడ్డి తెచ్చారు. పంతులుగారు చెప్తుంటే నాన్నా, మావయ్య తమ్ముడూ కలిసి గడ్డిని మనిషి పొడుగున పరిచి, గోగునారతో నడుం దగ్గరా ఛాతీ దగ్గరా బిగించి కట్టారు. తల స్థానంలో పీచు తీసిన కొబ్బరికాయ పెట్టారు. చేతులకి రెండు కట్టలు. కింద గడ్డిని రెండు పాయలుగా చీల్చి వదిలేశారు. కాళ్ళన్నమాట. పైన ఆకులు కప్పబోతుంటే, అంతసేపూ మామ్మ పక్కన తల వంచుకుని కూర్చున్న అత్త లేచింది.

"కాల్లకి పాదాలేవీ?" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. పంతులుగారు ఓపిగ్గా, శాస్త్రంలో శిరస్సు ఉంటే చాలమ్మా అన్నారు. ముఖం చూసి సాగనంపడమే ముఖ్యం అన్నారు.

"మొకం నాకేటి తెల్సు?" అంది అత్త. ఆ మాట గట్టిగా రాలేదు కానీ గట్టు మీదున్న అందరికీ వినబడింది. "ఆడి మొకం నాను సూడనేదు. పగలు తలెత్తితే మా అత్త సంపీసీది, రేత్రి దీపం ఉండీది కాదు. పొలంకాడ్నించి వస్తే కాల్లకి నీల్లిచ్చీదాన్ని. కాల్లే తెల్సు నాకు."

నాన్న చేతిలో ఆకులు అలాగే ఉండిపోయాయి. వీధరుగు మీద ముసలాయన కోల మొహమన్నాడు, గుబురు కనుబొమ్మలన్నాడు, గెడ్డం కింద నొక్కన్నాడు. సరిపోయాయా అని నాన్న అడిగాడు. అత్త ఏం చెప్పగలదు? అవుననడానికీ, కాదనడానికీ ఆవిడ దగ్గర ఏముంది? పాదాల గురించి అడగాలని ఒక్కరికీ తోచలేదు. అడుగుదామంటే, ముసలాయన రెండు వారాల కిందటే కూతురి దగ్గరికి ఎటో వెళ్ళిపోయాడు. ఏ ఊరో ఎవరికీ తెలియదు. నాన్న మొహం తెల్లబోయింది. పంతులుగారు పొద్దు వైపు చూశారు. నిప్పు తెచ్చారు, పిండాలు కలిపారు, మనుషులు స్నానాలు చేసి నిలబడ్డారు. మొదలెట్టిన కర్మ ఆపకూడదు. ఆపలేదు.

అత్త గడ్డిపరకల కట్ట తీసుకుని ఆ కాళ్ళ దగ్గర కూర్చుంది. నార తీసీ తీసీ ఆవిడ వేళ్ళకి గడ్డి మీదా నార మీదా మంచి పట్టు. మడిచి, వంచి, పంటితో నార బిగించి రెండు పాదాలు కట్టింది. వెడల్పాటి పాదాలు. ఎడమకాలి చిటికెనవేలు పక్క వేలి మీదకి ఎక్కి ఉంటుందట, దాన్ని కూడా అలాగే మడిచి పెట్టింది. అన్నేళ్ళ తరవాత కూడా చెయ్యి ఒక్కచోట తడబడలేదు. అయ్యాక చెంబుతో నీళ్ళు తీసుకుని ఆ పాదాల మీద పోసింది. పంతులుగారు గడ్డి తడిసిపోతుందమ్మా అన్నారు. ఆవిడ వినలేదు. ఆ తరవాత లేచి వెళ్ళి మామ్మ పక్కన కూర్చుని, చేతులు చాచింది.

గాజులు రాయితో పగలగొట్టారు. ఆ చప్పుడు గురించి రాయను.

బొమ్మ అంతా భగ్గున అంటుకుంది. తడిసిన పాదాలు మాత్రం చాలాసేపు పొగలు కక్కాయి కానీ మండలేదు. మావయ్య తమ్ముడు కర్రతో మంటలోకి తోశాడు.

అత్త ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది. మంచి జరగలేదు, చివరికి ఏ కబురూ రాలేదు. మావయ్య ఆ కొండదారిలో పోయాడో, ఎవరి కర్మో ఆయన పేర చేశారో, రంగంలో ఇంకో ఇల్లూ పిల్లలూ ఉండి అక్కడే ముసలివాడయ్యాడో ఎవరికీ తెలియలేదు. ఓడలు ఆగిపోయాయి. మా నాన్న ఆ ముసలాయన కోసం ఊళ్ళు తిరిగి తిరిగి మానేశాడు. అత్త తెల్లకోకలో, బోడి చేతుల్తో, ఏటేటా గోగునార తీస్తూనే ఉంది. నోరు కూడా మెత్తబడింది. ఊళ్ళో వాళ్ళు మంచిదైపోయింది అన్నారు. నాకు మాత్రం ఆవిడ తిట్లు లేని ఇల్లు ఇల్లులా అనిపించలేదు. "ఇయ్యాల ఆదివారం" అన్న ఆ మనిషి మళ్ళీ నాకు కనిపించలేదు. నేర్పిన మనిషికే ఆ పాఠం అక్కరకి రాలేదు. ఆవిడకి ఆ తరవాతివన్నీ సోమవారాలే.

నా పెళ్ళిలో అడ్డుతెర దించారు. తల వంచుకోమని అమ్మా, మామ్మా, ముత్తైదువలూ ముందే వెయ్యిసార్లు చెప్పారు. తెర కిందికి జారగానే నేను తలెత్తి ఎదుటి మనిషి మొహం చూశాను. ఓరగా కాదు, తిన్నగా. జీలకర్రా బెల్లం పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి, కనుబొమ్మలూ ముక్కూ గెడ్డమూ ఒక్కొక్కటే చూశాను. ఆడవాళ్ళు మూతులు నొక్కుకున్నారు. పెళ్ళికొడుకు సిగ్గుతో తనే తల దించేసుకున్నాడు. ఎవరో "బరితెగించిన పిల్ల" అన్నది నాకు వినబడింది. అత్త విధవరాలు కనక పందిట్లోకి రాకుండా వసారా స్తంభం వెనక నిలబడి ఉంది. నా వైపు చూసి తలాడించింది. సూడు, బాగా సూడు అన్నట్టు.

బాగానే చూశాను. కాపరం చేసినన్నాళ్ళూ చూశాను. అన్నం తింటుంటే, నిద్రపోతుంటే, కోప్పడుతుంటే, జ్వరంతో పడుకుంటే చూశాను. ఏమిటలా చూస్తావని ఆయన విసుక్కునేవారు. ఇప్పుడాయన లేరు. చూసి దాచుకున్నంత మాత్రాన బాధ తగ్గుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. గుర్తున్న మొహం మరీ ఎక్కువ ఏడిపిస్తుంది. గోగు గుంట గట్టున ఆ రోజు నుంచి నాకు మిగిలింది ఇంతే. రేపు ఎవరైనా వచ్చి గుమ్మంలో నిలబడి, ఆనవాళ్ళు చెప్పి, ఈయనేనా అని అడిగితే, అవునో కాదో నేను చెప్పగలను.